బెర్లిన్‌లో రాత్రి టెక్నో, పగలు గోడబొమ్మలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తోడిరాగం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. సెప్టెంబరులో ఒక్కదాన్నే బెర్లిన్ వెళ్తున్నాను. టెక్నో (ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం) అంటే నాకు ప్రాణం, అందులోనూ అమెరికాలోని డెట్రాయిట్ వాళ్లది: జెఫ్ మిల్స్, రాబర్ట్ హుడ్, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ బృందం. ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్లలోనే విన్నాను. ఆ బేస్ ఒంటికి తగిలితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనే ఈ ప్రయాణం.

ఎక్కడ చదివినా బెర్గ్‌హైన్ అనే క్లబ్బు గుమ్మం దగ్గర వెనక్కి పంపేస్తారన్న మాటే. నేను మందు ముట్టను, అదేమైనా ఇబ్బందా? పగలు వీధి చిత్రాలు చూడాలని ఉంది, కానీ ఊరంతా బొమ్మలే అంటున్నారు, ఎటని తిరగను? తెల్లవారుజామున బసకు చేరడం సంగతి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

స్ప్రే‌నది

క్రాయిట్స్‌బెర్గ్‌లో కొన్నేళ్లు ఉన్నానండి, లైవ్ సౌండ్ నా పని. మీరు చెప్పిన ఆ మూడు పేర్లు చూశాక బెర్గ్‌హైన్ గురించి కాదు, ముందు ట్రెసర్ అనే క్లబ్బు గురించి చెప్పాలనిపించింది. మీ సంగీతానికి బెర్లిన్‌లో అసలు చిరునామా అదే.

బెర్లిన్ గోడ కూలాక తూర్పు బెర్లిన్‌లో ఎవరివో తేలని ఖాళీ భవనాలు ఎన్నో మిగిలాయి. వెర్ట్‌హైమ్ అనే పాత డిపార్ట్‌మెంట్ స్టోరు కింద ఉన్న నగదు ఖజానా గది అలాంటిదే. డిమిట్రీ హెగెమన్, ఆయన మిత్రులు 1991 మార్చిలో అందులో క్లబ్బు తెరిచారు. జర్మన్‌లో ట్రెసర్ అంటే ఖజానా పెట్టె. అదే ఏడు మొదలైన వాళ్ల రికార్డుల సంస్థ (లేబుల్) మీద వచ్చిన మొదటి రికార్డు ఎక్స్-101 బృందానిది. అంటే మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్, రాబర్ట్ హుడ్. మీ వాళ్లే! సొంత ఊళ్లో దొరకని ఆదరణ వాళ్లకు ఈ నేలమాళిగలో దొరికింది. 2005లో ఆ చోటు మూతపడింది. 2007 నుంచి క్లబ్బు క్యోపెనికర్ వీధిలోని పాత విద్యుత్ కేంద్రంలో నడుస్తోంది. పొడవాటి సొరంగంలోంచి నడిచి కిందికి వెళ్లాలి. పాత ఖజానా లాకర్లు, ఇనుప కమ్మీలు అక్కడికే తెచ్చి పెట్టారు. పైన గ్లోబస్ అనే గదిలో హౌస్ అనే మరో రకం నృత్య సంగీతం. మీరు కింద ఉండండి.

పని మీద ఎన్నో హాళ్లలో నిలబడ్డాను. పొగలో ఎదుటి మనిషి కనపడని ఆ నేలమాళిగలో కిక్ డ్రమ్ (లోతైన బేస్ దెబ్బ) చెవికన్నా ముందు పక్కటెముకలకు తెలుస్తుంది. ఆ అనుభవం నాకు చాలా విలువైనది. ఇయర్ ప్లగ్గులు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. స్పంజివి కాదు, సంగీతం కోసం చేసిన ఫిల్టర్ ఉన్నవి. స్పంజివి పై స్వరాలను ఎక్కువగా మింగేస్తాయి, హై-హ్యాట్ తాళాల చప్పుడు పోతే మిల్స్ సెట్లో ఏం మిగులుతుంది?

బెర్గ్‌హైన్ కూడా గొప్ప చోటే, అక్కడి ఫంక్షన్-వన్ స్పీకర్లు వినితీరాలి. శనివారం అర్ధరాత్రి తలుపు తీస్తే సోమవారం పొద్దుటి దాకా నడుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వెళ్లి చూడండి. ఆ రోజు ఎవరు వాయిస్తున్నారో తెలుసుకుని వెళ్లండి. లోపలికి రానివ్వకపోతే మనసు కష్టపెట్టుకోవద్దు, ఒక్క గుమ్మం కోసం ప్రయాణమంతా పణంగా పెట్టకండి.

రాత్రిబండి

నేనూ ఒంటరిగానే వెళ్లానండీ. మందు గురించి ఎవరూ అడగరు. క్లబ్-మాటే అని కెఫీన్ ఉన్న చల్లటి పానీయం దొరుకుతుంది, తాగనివాళ్లకు అదే తోడు. నాకు మరీ నచ్చింది ఇంకొకటి: చాలా చోట్ల గుమ్మం దగ్గరే ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటిస్తారు. ఎవరూ ఎవరినీ ఫొటో తీయరన్న నమ్మకంతో కళ్లు మూసుకుని వినగలిగాను.

శుక్ర, శని రాత్రుల్లో ఊ-బాన్ (మెట్రో) రైళ్లు తెల్లవార్లూ తిరుగుతాయి, మిగతా రాత్రుల్లో బదులుగా బస్సులు. కాగితపు టికెట్ కొంటే ముద్ర వేయించుకోండి, ముద్ర లేకపోతే 60 యూరోల జరిమానా. కొట్‌బుస్సర్ టోర్ స్టేషను చుట్టుపక్కల రాత్రి పర్సు, ఫోన్ జాగ్రత్త. బస ఊ-బాన్ యూ8 లైను పక్కన దొరికితే చాలా సుళువు.

స్ప్రే‌నది

బొమ్మల సంగతి చెప్పలేదు కదూ. బస్సెక్కి ఒక్కొక్కటీ వెతకొద్దు, ఒక మధ్యాహ్నం నడవండి. కొట్‌బుస్సర్ టోర్ దగ్గర మొదలుపెడితే మరియానెన్ వీధిలో విక్టర్ ఆష్ 2007లో వేసిన నల్లటి వ్యోమగామి కనిపిస్తాడు. అక్కణ్నుంచి ష్లెసిషెస్ టోర్ వైపు నడుస్తూ తల పైకెత్తండి. ఎత్తయిన గోడల మీద నిలువుగా కిందికి దిగే ఎరుపు, నీలం అక్షరాలు బెర్లిన్ కిడ్స్ ముఠావి. పైకప్పు నుంచి తాడుకు వేలాడుతూ రాస్తారు.

కువ్రీ వీధి మూల దగ్గర కాసేపు ఆగండి. చూడటానికి అక్కడేమీ లేదు. ఇటలీ చిత్రకారుడు బ్లూ వేసిన రెండు పెద్ద బొమ్మలు ఊరికే గుర్తుగా ఉండేవి. ఆ స్థలంలో భవనాలు రాబోతుంటే, తన బొమ్మలు అద్దెలు పెంచడానికి పనికిరాకూడదని 2014 డిసెంబరులో ఆయన ఒప్పుకోలుతోనే వాటికి నల్లరంగు పూశారు. నా దృష్టిలో బెర్లిన్ వీధి చిత్రకళలో అంతకన్నా నిజాయితీ గల పని లేదు. క్లబ్బులనూ ఇప్పుడు అవే అద్దెలు నొక్కుతున్నాయి. వాటర్‌గేట్ క్లబ్బు 2024 చివర్లో మూతపడింది. ఆ చోటు మీకు ఒబెర్‌బౌమ్ వంతెన దాటేటప్పుడు నది ఒడ్డునే కనిపిస్తుంది.

వంతెన అవతల ఈస్ట్ సైడ్ గ్యాలరీ. జనం ఎక్కువ, నేనైతే త్వరగా దాటేస్తాను.

రంగులడబ్బా

స్ప్రే‌నది గారూ, త్వరగా దాటేయమనకండి! 1.3 కిలోమీటర్ల అసలు గోడ అది. 1990లో 21 దేశాల వాళ్లు 118 మంది వేశారు. గోడ నిలిచి ఉండగానే, 1984లో, పశ్చిమం వైపు బొమ్మలు మొదలుపెట్టిన థియరీ నుఆర్ వేసిన తలలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున్నే వెళ్తే జనం ఉండరు. క్లబ్బులోంచి బయటపడ్డాక ఓస్ట్‌బాన్‌హోఫ్ వైపు నుంచి నడవచ్చు. వాన పడితే బ్యూలో వీధిలో అర్బన్ నేషన్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం.

తోడిరాగం

అందరికీ ధన్యవాదాలు. ట్రెసర్ శుక్రవారం, నడక శనివారం అనుకుంటున్నాను. రికార్డులు కొనాలంటే?

స్ప్రే‌నది

హార్డ్ వాక్స్. 1989 నుంచీ ఉన్న దుకాణం. డెట్రాయిట్ రికార్డులు బెర్లిన్ డీజేల చేతికి అందింది చాలావరకు అక్కణ్నుంచే. టర్న్‌టేబుల్ మీద విని ఎంచుకోవచ్చు. ఆదివారం ఆ దేశంలో దుకాణాలు మూసేస్తారు, కాబట్టి శనివారం నడకకు ముందే వేళలు చూసుకుని వెళ్లి రండి. కొన్నవి బసలో పెట్టి బయల్దేరండి, ఎండలో వైనిల్ వంగిపోతుంది.