1931 మోడల్ ఏ కూపే రూఫ్ చాప్: 3 ఇంచులా, 4 ఇంచులా? చేసినవాళ్లు చెప్పండి

కూపే31 (డల్లాస్)
అందరికీ నమస్తే. మా గ్యారేజ్‌లో 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపే ఉంది, రెండేళ్ల కింద ఊరవతల ఒకాయన షెడ్డులో చూసి తెచ్చుకున్నా. ఛాసిస్ పని అయిపోయింది, పాత రాడ్ బ్రేకులు తీసేసి హైడ్రాలిక్ వేశా, ఫ్లాట్‌హెడ్ వీ8 ఇంజిన్ కూర్చోబెట్టా. ఇక మిగిలింది చాప్, అంటే రూఫ్‌ని మోసే పిల్లర్లు కోసి రూఫ్ ఎత్తు తగ్గించడమే. ఫోటోల్లో చూస్తే 4 ఇంచులు కోసింది అదిరిపోతోంది కానీ నా హైట్ 5 అడుగుల 11. తొంభై ఏళ్లు దాటిన బాడీ, ఒకసారి కోశాక వెనక్కి పోలేను, అందుకే చెయ్యి ఆగుతోంది.

ఒహాయో_అన్న
తమ్ముడూ, నేను 4 కోశాను. రోడ్డు మీద చూసినవాళ్లంతా మెచ్చుకుంటారు, లోపల కూర్చున్న నాకు మాత్రం సిగ్నల్ దగ్గర లైటు కనపడదు, ముందుకు వంగి మెడ పైకెత్తి చూడాలి. తప్పు ఎక్కడ చేశానంటే, కొలత తీసుకున్నప్పుడు సీటు లేదు, ఒట్టి ఫ్లోర్ మీద పెట్టె వేసుకుని కూర్చున్నా. తర్వాత కుషన్ వచ్చింది, మూడు ఇంచులు పైకి లేచా. నువ్వు అసలు సీటు బిగించి, విండ్‌షీల్డ్‌కి పైనుంచి 3 ఇంచులు మాస్కింగ్ టేప్ వేసి అరగంట కూర్చో. రూఫ్ లోపలివైపు కూడా అంతే మందం థర్మాకోల్ అతికించు, తల తగులుతుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. తర్వాత 4 పెట్టి చూడు.

శాక్రమెంటో_రాడ్స్
అన్న చెప్పింది కరెక్ట్. నేనైతే కోయడం కన్నా ముందు పని గురించి చెప్తా. మోడల్ ఏకి రూఫ్ మధ్యలో రేకు ఉండదు కదా, చెక్క బద్దల మీద గుడ్డ కప్పి ఉంటుంది. మొత్తం స్టీల్ రూఫ్ జనరల్ మోటార్స్ 1935 మోడల్స్‌కి తెచ్చింది, ఫోర్డ్ 1937కి. అంటే పిల్లర్లు కోశాక బాడీని పట్టి ఉంచేది ఏమీ మిగలదు, అటూ ఇటూ ఊగిపోతుంది. కాబట్టి బాడీని ఛాసిస్‌కి బోల్టు చేసి, డోర్లు బిగించి గ్యాప్‌లు సరిచేసుకుని, అప్పుడు లోపల 1 ఇంచు స్క్వేర్ ట్యూబ్‌తో అడ్డంగా, నిలువుగా, ఐమూలగా సపోర్ట్ కట్టాలి. నేను మొదటి కారుకి అడ్డం మాత్రమే కట్టి ఐమూల వదిలేశా, అంతా అయ్యాక డ్రైవర్ వైపు డోర్ పైన వేలు దూరేంత సందు, కింద రాసుకుపోతోంది. ఆ ఒక్క డోర్‌కి మూడు నెలలు పోయాయి.

ఇంకోటి, డోర్ ఫ్రేమ్ కోత, పిల్లర్ కోత ఒకే లైన్‌లో పెట్టొద్దు. పిల్లర్‌ని కూడా తిన్నగా కోయకుండా మెట్టులా కోస్తే అతుకు గట్టిగా ఉంటుంది, లైన్ కూడా దానంతటదే కుదురుతుంది.

ఆటోనగర్_మేస్త్రి (బెజవాడ)
బాబూ, నేను ఆ కార్లు చేయలేదు, కానీ ముప్పై ఏళ్లుగా లారీ క్యాబిన్లు, పాత అంబాసిడర్లు టింకరింగ్ చేస్తున్నా. రేకు ఏ దేశంలో అయినా రేకే. వరసగా వెల్డింగ్ లాగావంటే పలక మొత్తం అలలు అలలుగా లేస్తుంది, ఇక ఎంత లప్పం పెట్టినా ఎండలో నిలబెడితే బయటపడుతుంది. ఇక్కడో టాక్, అక్కడో టాక్ (చిన్న చుక్క వెల్డింగ్) వేసి, చేత్తో ముట్టుకుంటే కాలకుండా ఉన్నాకే పక్కది వెయ్యి. అతుకు చల్లారేప్పుడు రేకుని లోపలికి గుంజుకుంటుంది, దాన్ని డాలీ (వెనక ఆన్చే ఇనుప దిమ్మ) మీద పెట్టి చిన్న సుత్తితో తట్టి తట్టి మళ్లీ సాగదియ్యాలి. సీఓటూ వెల్డింగ్ (మిగ్) అయితే అతుకు గట్టిపడి సుత్తికి లొంగదు, ఆర్గాన్ (టిగ్) అయితే మెత్తగా ఉంటుంది. చేయి తిరిగినవాడికి గ్యాస్ కూడా మంచిదే. పోయిన నెల ఒక కుర్రాడు తొందరపడి బానెట్ మీద జానెడు అతుకు ఒకే దెబ్బన లాగేశాడు, సరిచేయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

కూపే31 (డల్లాస్)
మేస్త్రి గారూ, చాలా థ్యాంక్సండీ. ఇంకో సందేహం, పైభాగం కిందికి దించాక వెనక అతుకు కలవదని విన్నా, దానికేం చేయాలి?

శాక్రమెంటో_రాడ్స్
మోడల్ ఏ వాడివి అదృష్టవంతుడివి, ముందు పిల్లర్లు దాదాపు నిటారుగా ఉంటాయి, తిన్నగా దిగుతుంది. అదే 1934 కూపే అయితే పిల్లర్లు వెనక్కి వాలి ఉంటాయి, దించగానే ముందు కొన కలవదు, పిల్లర్లు ఇంకా వంచాలి లేదా రూఫ్‌ని కోసి పొడవు పెంచాలి. నీకు వెనక మూలల్లోనే తేడా వస్తుంది. అక్కడ చిన్న చీలికలు ఇచ్చి రేకుని నెమ్మదిగా లోపలికి తెచ్చుకో. అద్దాలన్నీ ఫ్లాట్‌వే కాబట్టి లామినేటెడ్ గ్లాస్ కొలతకి కోయించుకోవచ్చు. టెంపర్డ్ మాత్రం కోయలేరు.

పాతబండి_ప్రాణం (హైదరాబాద్)
ఈ రూఫ్ కోయడం అసలు ఎందుకు మొదలైందో కూడా ఒక మాట. అందం తర్వాత వచ్చింది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్, ఎల్ మిరాజ్ లాంటి ఎండిన సరస్సుల మీద రేసులు పెట్టేవాళ్లు, ఆ రేసులు నడిపే సంఘం ఎస్‌సీటీఏ దక్షిణ కాలిఫోర్నియాలోనే 1937లో పుట్టింది, 1949 నుంచి యూటాలోని బోనవిల్ ఉప్పు నేల మీద కూడా రేసులు పెట్టారు. రూఫ్ తగ్గితే గాలికి ఎదురయ్యే భాగం తగ్గి స్పీడ్ పెరుగుతుంది, అదీ లెక్క. ఇక్కడ మనం పద్మిని కారుకి చేద్దామంటే కుదరదు, మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఒప్పుకోదు.

ఒహాయో_అన్న
అందరూ ముఖ్యమైనది మర్చిపోయారు. తమ్ముడూ, మోడల్ ఏకి పెట్రోల్ ట్యాంక్ ఎక్కడుంది? విండ్‌షీల్డ్ కిందే, కౌల్‌లో (బానెట్‌కీ విండ్‌షీల్డ్‌కీ మధ్య భాగంలో)! నువ్వు ముందు పిల్లర్ దగ్గర గ్రైండర్ పెడితే నిప్పురవ్వలు నేరుగా దాని మీద పడతాయి. ఏళ్ల కింద ఖాళీ చేశాను అనుకోకు, ఖాళీ ట్యాంక్‌లో ఆవిరే ఎక్కువ ప్రమాదం. విప్పి బయట పెట్టాకే కటింగ్ వీల్ ముట్టుకో.

కూపే31 (డల్లాస్)
అన్నా, అది నిజంగా నా బుర్రకి తట్టలేదు, దండం. నిన్న సీటు బిగించి టేప్ వేసి కూర్చున్నా. 4 దగ్గర మా ఆవిడ బయట నుంచి చూసి "నీ కళ్లు కనపడట్లేదు, గడ్డం ఒకటే కనపడుతోంది" అంది. 3 దగ్గర సిగ్నల్ ఎత్తులో గోడకి గుర్తు పెట్టి చూస్తే తల వంచకుండా కనపడింది, నెత్తికీ థర్మాకోల్‌కీ మధ్య రెండు వేళ్ల సందు ఉంది. 3కే ఫిక్స్. శనివారం ట్యాంక్ దించుతా, ఆ తర్వాతే ట్యూబ్ కొనుక్కొస్తా, ఐమూల కట్టాక ఫోటోలు పెడతా, ఎక్కడైనా తప్పుంటే కోయకముందే చెప్పండి.