‘సంతకం’ కాదు, ‘ఆనవాలు’: పై వాతావరణపు వాయువులను పోల్చుకునే మాట

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం తెలుగులో చెప్పేటప్పుడు ప్రతి ఏడాదీ ఒక మాట దగ్గర ఆగిపోతున్నాను. దూరం నుంచే కాంతిని, తరంగాలను అందుకుని పరిశీలించే రిమోట్ సెన్సింగ్‌ను ‘సుదూర సంవేదన’ అనడంతో నాకు పేచీ లేదు. కాంతిలో ఒక్కో వాయువు మిగిల్చే ప్రత్యేకమైన గుర్తును, అంటే సిగ్నేచర్‌ను, ‘సంతకం’ అనడమే నాకు మింగుడు పడదు. సంతకం తెలిసి, ఇష్టపడి పెట్టేది. ఓజోన్ సూర్యుని అతినీలలోహిత కాంతిలో కొంత మేరను మింగేస్తుంది; ఆ లోటును చూసి దానిని పోల్చుకునేది మనమే.

మన పల్లెల్లో బర్రె తప్పిపోతే ముందు జాడ వెతుకుతారు, దొరికిన తరువాత ఆనవాళ్లు చెప్పి ఇంటికి తోలుకొస్తారు. జాడ ఎటు పోయిందో చెబుతుంది, ఆనవాలు ఎవరిదో తేలుస్తుంది. అశోకవనంలో హనుమంతుడు సీతమ్మకు ఇచ్చిన ఉంగరం ఆనవాలే. వర్ణపటంలో, అంటే తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసిన కాంతిలో, గీత ఏ తరంగదైర్ఘ్యం దగ్గర పడిందన్నది అచ్చంగా ఇలాంటిదే, దానిని బట్టి అది ఏ వాయువో తెలుస్తుంది. ఇక నేల మీది మైక్రోవేవ్ పరికరానికి అదే గీత వెడల్పు జాడ కూడా చూపుతుంది: దిగువన పీడనం ఎక్కువ కాబట్టి అణువులు తరచుగా ఢీకొని గీత వెడల్పవుతుంది, పైనున్న పలుచని గాలిలో సన్నగా ఉంటుంది, కనుక గీత ఆకారాన్ని విడదీసి ఏ ఎత్తున ఎంత వాయువు ఉందో లెక్కకట్టవచ్చు.

కరీంనగర్ నుంచి మా చర్చాబృందంలోని ఒక సభ్యురాలి జవాబు:
సార్, ‘ఆనవాలు’ నాకూ నచ్చింది, కానీ జాడ విషయంలో ఒక సవరణ. వాతావరణ పరిశీలనకు 2004లో ప్రయోగించిన ఆరా ఉపగ్రహంలోని మైక్రోవేవ్ పరికరం కిందికి కాకుండా భూమి అంచు వైపు చూస్తుంది. అక్కడ ఎత్తు ప్రధానంగా చూపు కోణాన్ని బట్టి తెలుస్తుంది. పైగా అది సూర్యకాంతి మీద ఆధారపడదు, వాయువులే వెలువరించే తరంగాలను అందుకుంటుంది. మింగిన కాంతికీ వెలువరించిన కాంతికీ ‘ఆనవాలు’ ఒక్కటే సరిపోతుందా?

నా జవాబు:
సవరణ సరైనదేనమ్మా, పాఠంలో చేరుస్తాను. ‘ఆనవాలు’ మాత్రం రెండింటికీ చెల్లుతుంది, ఎందుకంటే ఒక వాయువు ఏ తరంగదైర్ఘ్యాన్ని మింగగలదో దానినే వెలువరించగలదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో గుంటూరు నుంచి ఫ్రెంచ్ ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ చూసినవి సూర్యుని అంచున లేచిన జ్వాలల మెరిసే గీతలే. అదే ఏడాది సూర్యకాంతిలో గుర్తించిన పసుపు గీత తెలిసిన ఏ మూలకానికీ చెందలేదు. దాని సొంతదారు హీలియం భూమి మీద రసాయన శాస్త్రవేత్త రామ్సేకు దొరికింది 1895లో. అంతకాలం దానిని గురించి మన దగ్గర ఉన్నది ఆ ఒక్క ఆనవాలే.