పెద్దన చాటువులో 'కేలూత', 'తన్ను'

ప్రశ్న:
నా చిరకాల మిత్రుడు ఇటీవల మరణించాడు. అతని స్మారక సంచికకు నాలుగు పేరాలు రాయమన్నారు. రాయడానికి కూర్చున్నప్పుడల్లా, కృష్ణదేవరాయలు గతించినప్పుడు పెద్దన చెప్పినదిగా ప్రసిద్ధమైన "ఎదురైనచోఁ దన మదకరీంద్రము నిల్పి" అన్న సీసపద్యమే నోటికి వస్తోంది. అందులో రెండు సందేహాలు. 'కేలూత'కూ నేటి 'చేయూత'కూ భేదం ఉన్నదా? సీసం చివర వచ్చే ఎత్తుగీతిలో 'నన్ను' అనకుండా 'తన్నుఁ బిలుచునట్టి' అని ఎందుకన్నాడు?

సమాధానం:
కేలు అంటే చేయి, ఊత అంటే ఆనుకొనే ఆధారం; కనుక పుట్టుకలో రెండు మాటలూ ఒకటే. అయితే చేయూత ఇప్పుడు సాయమన్న అర్థంలోనే స్థిరపడింది. దూరాన ఉన్నవారు డబ్బు పంపినా చేయూతే. పద్యంలోని ఊత మాత్రం ఏనుగు మీది నుంచి వంగి, నేల మీద ఉన్నవాణ్ణి పట్టి పైకి లాగిన నిజమైన చేతిది. రెండవ పాదంలో పెద్దన కావ్యమైన మనుచరిత్రం అందుకొనేవేళ పల్లకిని 'తనకేలఁ బట్టి యెత్తె' అని అదే చేయి మళ్ళీ కనిపిస్తుంది. మూడవ పాదంలో గండపెండేరాన్ని, అంటే గొప్ప కవికి గౌరవంగా తొడిగే కాలి కడియాన్ని, 'తానె' తొడిగాడు. 1509 నుంచి 1529 వరకు రాజ్యమేలి, ఎన్నో యుద్ధాలు గెలిచిన రాయల విజయం ఒక్కటైనా ఇందులో లేదు. రాయలు ఇచ్చిన అగ్రహారాలను చెప్పే నాలుగవ పాదం నాకు కొంచెం చిట్టా చదివినట్లు వినిపిస్తుంది, కాని అది నా చెవి దోషం కావచ్చు.

ఇక 'తన్ను'. ఆ స్థానంలో 'నన్ను' ఉంచినా గణం చెడదు. 'పెద్దన', 'బిలుచు'ల మధ్య ఉన్న యతికీ భంగం లేదు. కనుక ఇది ఛందస్సు కోసం వచ్చిన మాట కాదు. ఎక్కించుకొన్నది ఎవరిని, పెండేరం తొడిగినది ఎవరి పాదానికి అన్నది సీసంలో కవి ఎక్కడా చెప్పలేదన్న సంగతి గమనించండి. అతడు మనకు కనిపించేది రాయల మాటలలోనే: ఒకచోట 'ఈవె తగుదు'లోని నీవుగా, మరొకచోట 'పెద్దన కవీంద్ర' అన్న సంబోధనగా. ఉత్తమపురుష 'బ్రదికియున్నాఁడ' అన్న క్రియ దగ్గరకు గాని రాదు. అక్కడ కూడ 'నేను' అన్న పదం లేదు, ప్రత్యయమే ఉంది. పిలిచేవాడు పోయిన తరువాతే ఈ కవికి 'నేను' అనుకోవలసిన అవసరం కలిగిందని నాకు తోస్తుంది.

మరొక సభ్యుని అభిప్రాయం:
చివరి వాక్యం అందంగా ఉన్నది గాని, 'తన్ను' మీద అంత బరువు మోపవచ్చునా? ఆశ్వాసాంత గద్యలో, అంటే కావ్యంలోని ఒక్కొక్క భాగం చివర వచ్చే వచనంలో, కవి తన పేరును ప్రథమపురుషలో చెప్పుకోవడం ఆనవాయితీయే కదా. నన్ను ఆపేది 'దివికేగలేక' అన్న మాట. 'ఏగక' అని ఉంటే అది ఇష్టం, 'ఏగలేక' అంటే అశక్తత. తోడు వెళ్ళవలసినవాడు వెళ్ళలేకపోయినందుకే 'జీవచ్ఛవం' అన్నాడు. జీవత్, శవము అన్న రెండు మాటలు కలిసినప్పుడు తకారం చకారమై, శకారం ఛకారమైంది. కనుక సంచికలో 'జీవశ్చవం' అని అచ్చు పడకుండా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. నా మొదటి పేరా అంతా మిత్రుని చదువు, ఉద్యోగాల వివరమే, దానిని తీసివేస్తున్నాను. ఎంత దూరం నుంచైనా నా పేరు చివరి అచ్చును సాగదీసి పిలిచేవాడు అతడొక్కడే. ఆ పిలుపును రాయాలని ఉంది గాని, దీర్ఘం సరిపోవడం లేదు.

సమాధానం:
అది ప్లుతం, మూడు మాత్రల కాలం. దూరాన ఉన్నవారిని పిలిచేటప్పుడు సంబోధన చివరి అచ్చుకు పాణిని దానిని విధించాడు. మన లిపిలో దానికి ప్రత్యేకమైన గుర్తు లేదు. దీర్ఘం పక్కన 3 అంకె వేయడం పాత పద్ధతి. అచ్చువేసేవారు తప్పనుకొని తీసివేయకుండా ముందే చెప్పి ఉంచండి.