అప్‌డేట్: 'బ్లేడ్ రన్నర్' ఏ వెర్షన్? ప్రొజెక్టర్‌లో నలుపు బూడిదగా ఎందుకు?

గుంటూరులో ఫ్రెండ్స్‌కి 'బ్లేడ్ రన్నర్' సినిమా ఏ వెర్షన్ వేయాలి, ప్రొజెక్టర్‌లో రాత్రి సీన్లు బూడిదగా ఎందుకు కనిపిస్తున్నాయి అని అడిగాను కదా. చెప్పినవాళ్లందరికీ థాంక్సండీ.

2007 ఫైనల్ కట్టే (దర్శకుడు రిడ్లీ స్కాట్ చివరిగా ఖాయం చేసిన వెర్షన్) వేశాం. 1982 అమెరికా థియేటర్ వెర్షన్‌లో వాయిస్ ఓవర్ అన్నీ విప్పి చెప్పేస్తుంది, పైగా చివర్లో సుఖాంతం అతికించారు. క్రైమ్ కథకి అనుమానమే ప్రాణం, అది అక్కడే పోతుంది.

బూడిదకి కారణం రేంజ్ (నలుపు నుంచి తెలుపు దాకా వాడే అంకెల పరిధి) తేడా. ప్లేయర్ లిమిటెడ్ (16–235) పంపుతోంది, ప్రొజెక్టర్ ఫుల్ (0–255)లో ఉంది; అందుకే ప్లేయర్ నలుపుగా పంపే 16ని అది బూడిదగా చూపించింది. హెచ్‌డీఎంఐ రేంజ్ రెండింట్లో లిమిటెడ్ పెడితే నలుపు తిరిగొచ్చింది. తేడా తిరగబడితే (ప్లేయర్ ఫుల్, ప్రొజెక్టర్ లిమిటెడ్) మాత్రం నీడల్లో వివరాలు మింగేస్తుంది, నల్లకోటు గోడలో కలిసిపోతుంది. ఆ తర్వాతే బ్రైట్‌నెస్ ముట్టుకోండి. తెల్లగోడల గదైతే తెర పక్కన ముదురు రంగు దుప్పట్లు కట్టండి, చాలా తేడా ఉంటుంది.