బైనరీ ప్లాన్ల 18,500 కట్టి ఐడీ వేసుకున్నరు, వాపసు తీసుకునుడు ఎట్ల?

అడిగింది: హన్మకొండ_లష్కర్

మా చెల్లె ఆదివారం నక్కలగుట్టల ఒక హోటల్ల గొలుసుకట్టు కంపెనీ మీటింగుకు పోయి 18,500 కట్టి ఐడీ (సభ్యత్వం) వేసుకున్నది. పైసలు కంపెనీకి కాదు, అప్‌లైన్ (చెల్లెను చేర్పించిన పైమనిషి) సొంత నంబరుకు ఫోన్‌ల కొట్టింది. బిల్లు ఇయ్యలే. వాళ్లిచ్చిన సరుకు కిట్ డబ్బా ఇంట్లనే ఉన్నది, సీలు తియ్యలే.

ప్లాన్ ఇది: ఎడమ ఒకరు, కుడి ఒకరు చేరితే పెయిర్, పెయిర్‌కు 1,500. మొదటి పెయిర్ మాత్రం 2:1, అంటే ఒకవైపు ఇద్దరు, ఇంకోవైపు ఒకరు. రోజుకు 10 పెయిర్లు సీలింగ్ (అంతకు మించి లెక్కపెట్టరు). అడ్మిన్ చార్జీ 10 శాతం.

"ఐడీ పడినంక క్యాన్సిల్ కాదు, ఇద్దరిని పెట్టు, నీ పైసలు నీకొస్తయి" అంటున్నరు. నిజంగనే క్యాన్సిల్ కాదా? ఇంకోటి, ఆ లెక్కల ఎంతమంది చేరితే పెట్టుబడి తిరిగొస్తది?

కాజీపేట_జంక్షన్

అన్నా, ముందుగాల ఆ డబ్బా టేపు ఎవ్వరూ ముట్టొద్దు. "ఒక్క డబ్బా వాడి చూడు చెల్లె" అని అప్‌లైన్ ఊకెనే అనడు. సీలు తీసినంక వాపసు అడిగితే "వాడిన సరుకు" అని తిప్పికొడ్తరు. బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ, తయారీ తేదీ కనపడేటట్టు ఇయ్యాల్నే ఫొటోలు తీసిపెట్టుకోండి.

క్యాన్సిల్ కాదన్నది అబద్ధం. కేంద్రం 2021 డిసెంబర్ 28న డైరెక్ట్ సెల్లింగ్ (దుకాణం లేకుండ మనుషుల ద్వారా సరుకు అమ్ముడు) నిబంధనలు తెచ్చింది. చేరినోళ్లకు కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకునే) గడువు ఇయ్యాలె, ఆ లోపట ఒప్పందం వద్దనుకుంటే జరిమానా లేకుండ బయటికి రావొచ్చు. ఎన్ని రోజులన్నది కంపెనీ ఒప్పందంలనే ఉంటది, చెల్లె లాగిన్‌ల షరతుల పేజీ తెరిచి చూడండి. చాలాసార్లు ఐడీ అప్‌లైన్ ఫోన్ నుంచే వేస్తరు, పాస్‌వర్డ్ ఆయన దగ్గర్నే ఉంటది. కాబట్టి మొదలు పాస్‌వర్డ్ మార్చాలె. ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా చెల్లెవేనా చూడాలె. ఐడీ పడిన తేదీని స్క్రీన్‌షాట్ తియ్యాలె, గడువు లెక్క అక్కడి నుంచే షురూ.

పైసలు అప్‌లైన్‌కు పోవుడే ఇక్కడ అసలు చిక్కు. కంపెనీ "మాకు ముట్టలేదు" అంటది, ఆయన "నేను కంపెనీకి కట్టేసిన" అంటడు. అందుకని వాపసు మాట ఎత్తకముందే వాట్సాప్‌ల మామూలుగ అడిగించండి: "అన్నా, ఆదివారం నేను కొట్టిన 18,500 కిట్‌కేనా, బిల్లు ఎప్పుడొస్తది?" అవునని ఒక్క ముక్క వస్తే చాలు, అదే రశీదు లెక్క. వాపసు అన్నంక ఆయన రాతల జవాబియ్యడు, ఫోనే చేస్తడు.

తర్వాత కంపెనీ ఫిర్యాదుల అధికారికి మెయిల్, రిజిస్టర్డ్ ఆఫీసుకు స్పీడ్ పోస్టు, రెండూ పంపాలె. ఉత్తరం పొడుగు అవసరం లేదు: "ఫలానా తేదీన పడిన నా ఐడీ నంబరు ఇది. కూలింగ్ ఆఫ్ గడువులో ఒప్పందం రద్దు చేసుకుంటున్నాను. కిట్ సీలు తీయలేదు, తీసుకుపోవడానికి సిద్ధంగా ఉంది. కట్టిన 18,500 నా ఖాతాకు పంపండి." గంతే. మోసం, కేసు అసొంటి మాటలు ఇప్పుడే వద్దు. నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 పని గంటలల్ల చెప్పాలె, మామూలుగ నెలలోపు తేల్చాలె.

లెక్కల_పుస్తకం

మీ రెండో ప్రశ్నకు కాగితం మీద జవాబు ఉంది.

1,500లో అడ్మిన్ 150 పోతుంది. కమీషన్ మీద టీడీఎస్ (ముందే కోసే ఆదాయ పన్ను) 2024 అక్టోబర్ 1 నుంచి 2 శాతం, అంటే 30. చేతికి 1,320. (పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోస్తారు, అది వేరే దెబ్బ.) 14 పెయిర్లకు 18,480. ఇంకా 20 రూపాయలు తక్కువ! కాబట్టి 15 పెయిర్లు కావాలి. మొదటి దానికి ముగ్గురు, మిగతా 14కు 28 మంది, మొత్తం 31 మంది. అదీ ఒకవైపు 16, ఇంకోవైపు 15గా సమానంగా పడితేనే.

ఇప్పుడు ఒక్కొక్కరి కింద ఇద్దరు చొప్పున చేరే ఈ చెట్టు ఎక్కడా ఖాళీ లేకుండా పది వరసలు నిండిందనుకోండి: 1, 2, 4, 8 అంటూ పదో వరసలో 512. మొత్తం 1,023 మంది. ఆరో వరసలో ఉన్నవాళ్ల కింద నాలుగు వరసలే ఉంటాయి, అంటే 30 మంది, ఒక్కో పక్కకు 15 మంది. వాళ్లకు సరిగ్గా 14 పెయిర్లు. ఆ 20 రూపాయల దగ్గరే ఆగిపోతారు. పెట్టుబడి తిరిగి వచ్చేది పై ఐదు వరసలకే, అంటే 31 మందికి. మిగిలిన 992 మంది పైసలు ఇంకా బయటే ఉంటాయి. ఇంకో వరస చేరితే పైన బాగుపడేవాళ్లు 63 అవుతారు, మునిగేవాళ్లు 1,984 అవుతారు. ఎన్ని వరసలు పెంచినా వందకు 97 మంది కిందనే ఉంటారు. ఎవరూ బద్ధకించకుండా అందరూ కష్టపడినప్పటి లెక్క ఇది. "కష్టపడనోళ్లకు రాదు" అనే మీటింగు మాటకు ఇదే జవాబు.

నిజంలో చెట్టు ఇంత నిండుగా ఉండదు. "పవర్ లెగ్ (ఎక్కువమంది ఉండే పక్క) మేమే ఇస్తాం" అని ఒక పక్క అప్‌లైన్ నింపుతాడు. రెండో పక్క ఖాళీగా ఉంటే ఎడమ పక్క 200 మంది ఉన్నా పెయిర్ పడదు. రోజు సీలింగ్ దాటినవి ఫ్లష్ అయిపోతాయి, రేపటికి మిగలవు. నెలనెలా రీపర్చేజ్ (మళ్లీ కొనాలనే) షరతు ఉందేమో కూడా చూడండి. ఆ నెల సరుకు కొనకపోతే ఐడీ ఇన్‌యాక్టివ్, పడిన పెయిర్లూ గల్లంతు. ఈ ముక్క స్లైడుల్లో చివర సన్న అక్షరాల్లో ఉంటుంది.

సుబేదారి_కోర్టు_రోడ్

"ఇద్దరిని పెట్టు" అన్న సలహా ఒక్కటి మాత్రం వినకండి. 1978 నాటి ప్రైజ్ చిట్లు, మనీ సర్క్యులేషన్ స్కీముల (మనుషులను చేర్పిస్తే డబ్బు వస్తుందనే స్కీముల) నిషేధ చట్టం మూడో సెక్షన్ స్కీము నడిపేవాళ్లనే కాదు, అందులో సభ్యులుగా చేరడాన్నీ, పాల్గొనడాన్నీ నిషేధించింది. శిక్ష మూడేళ్ల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. ఈ రోజు మీ చెల్లె డబ్బు పోగొట్టుకున్న మనిషి. పక్కింటి ఇద్దరిని చేర్పించి కమీషన్ తీసుకున్న మరుసటి రోజు వాళ్ల ఫిర్యాదులో ఆమె పేరే ముందుంటుంది, కంపెనీ ఎండీ వాళ్లకు తెలియదు కదా.

"మాది ప్రొడక్ట్ కంపెనీ, ఆ చట్టం మాకు తగలదు" అంటారు. 2007లో ఆమ్వే అనే డైరెక్ట్ సెల్లింగ్ కంపెనీ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, సరుకు ఉన్నంత మాత్రాన చట్టం పరిధి దాటిపోరు. 2021 నిబంధనలు కూడా పిరమిడ్ స్కీములను (కిందవాళ్లను చేర్పిస్తే పైవాళ్లకు లాభం వచ్చేవాటిని) నిషేధించాయి, చేరడానికి ఫీజు తీసుకోవద్దన్నాయి. అందుకే ఫీజు అనకుండా "కిట్" అంటారు.

నర్సంపేట_అడ్డరోడ్డు

అన్ని కంపెనీలను ఒకే గాటన కట్టుడు కూడా తప్పే. సబ్బులు, టూత్‌పేస్టు ఇంటింటికి అమ్మి మార్జిన్ తీసుకునేటోళ్లు ఉన్నరు, అది కిరాణం లెక్క. ఎవ్వరినీ చేర్పించకుండ, ఉత్త అమ్మకం మీద నెలకు ఎంతొస్తది? అది అడగండి. దానికి అంకె చెప్పకుండ కారు ఫొటో చూపిస్తే లేచి రావుడే. ఇంకోటి, ఆ 18,500 సరుకును చేరని మనిషి చౌరస్తాల మెడికల్ షాపుల ఆ ధరకు కొంటడా? కొనడంటే ఆ ధరల మిగిలేదంతా పైవాళ్ల కమీషనే.

కాజీపేట_జంక్షన్

దానికి తోడు, స్లైడ్ల చూపించే సర్టిఫికెట్లకు పడిపోకండి. జీఎస్టీ, పాన్, కంపెనీ రిజిస్ట్రేషన్ ఏ దుకాణానికైన ఉంటయి, అవి స్కీముకు ఇచ్చిన అనుమతి కాదు. "20 ఏండ్ల కంపెనీ" అంటే 21 అక్షరాల సీఐఎన్ (కంపెనీ గుర్తింపు) నంబరు చూడండి. రాష్ట్రం రెండక్షరాల తర్వాత ఉన్న నాలుగంకెలే రిజిస్టరైన ఏడు. డబ్బా మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (తిండి సరుకు లైసెన్సు) నంబరుంటే అది తిండి సరుకు, మందు కాదు. షుగర్ తగ్గుతదని ఎవరన్న చెప్తే ఇంట్ల పెద్దోళ్ల గోలీలు మాత్రం ఆపనియ్యకండి.

హన్మకొండ_లష్కర్

అందరికీ దండాలు. పాస్‌వర్డ్ మార్చినం. ఒప్పందంల 30 రోజులని ఉన్నది, ఐదు రోజులే అయింది. ఇంకొక మాట: పైసలు మహిళా సంఘం లోన్‌ల నుంచి తీసింది. ఇప్పుడు సంఘంల అందరినీ చేర్పియ్యమని అప్‌లైన్ రోజూ ఫోన్ చేస్తున్నడు. కంపెనీ పలుకకపోతే ఎటు పోవాలె?

లెక్కల_పుస్తకం

సంఘం వైపు అస్సలు పోనీయకండి. సంఘంలో 10 నుంచి 15 మంది ఉంటారు, పైన చెప్పిన 31లో సగం కూడా కాదు. అందరూ చేరినా మీ చెల్లెకు తిరిగి రాదు, కానీ లోన్ కిస్తు అందరి మెడకూ పడుతుంది, ఒక్కరు ఆపితే గ్రూపు మొత్తానికి కొత్త లోన్ ఆగుతుంది. కిస్తు కోసం బయట నూటికి రెండు రూపాయల మిత్తికి తెస్తే 18,500 మీద నెలకు 370. ఆ అప్పు మాత్రం చేయకండి.

సుబేదారి_కోర్టు_రోడ్

నెల దాటినా జవాబు లేకపోతే 1915కు (జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్) ఫోన్ చేసి నమోదు చేయించండి, నంబరు రాసుకోండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. కంపెనీ వకీలు "ఈమె కొన్నది వ్యాపారానికి, వినియోగదారు కాదు" అంటాడు. అందుకే ఫిర్యాదులోనే సొంత ఉపాధి కోసం, సొంతంగా చేసుకోవడానికి తీసుకున్నానని రాయాలి, అలాంటి కొనుగోలును చట్టం వ్యాపారంగా లెక్కపెట్టదు. 1930 సైబర్ మోసాలకు. తెలిసే పంపిన డబ్బు కాబట్టి అక్కడ పెద్దగా పని జరగదు, పోలీస్ స్టేషన్‌లో 1978 చట్టం పేరు రాసి ఇవ్వడమే మేలు. అప్‌లైన్ పేరు, ఆయన యూపీఐ నంబరు, మీటింగు తేదీ, హోటల్ పేరు అన్నీ అందులో ఉండాలి.

ఒకవేళ అప్‌లైన్ ఇంటికొచ్చి సగం ఇస్తాను, సంతకం పెట్టమంటే, "మొత్తం ముట్టింది" అన్న కాగితం మీద పెట్టకండి. ఎంత ముట్టిందో అంతకే సంతకం. డబ్బా కూడా కంపెనీకే అప్పజెప్పి రశీదు తీసుకోవాలి, ఆయన బండి మీద పెట్టి పంపొద్దు.