తివాచీలో పిల్లి మూత్రం వాసన, ముసురు పడితే మళ్లీ మొదలు

ఆరడుగుల ఉన్ని తివాచీ, అడుగున జనపనార అల్లిక. మూడు వారాల కిందట పిల్లి ఒకే మూలన రెండుసార్లు పోసింది. పైన మరక అరచేయంత. తిరగేసి చూస్తే పళ్లెమంత పసుపు మచ్చ. వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపి అద్దాను, వంటసోడా రాత్రంతా చల్లి ఉంచాను. తర్వాత మూత్రం మరకను విడగొట్టే ఎంజైమ్ ద్రావణం 200 మి.లీ. పైనుంచి పోసి, పావుగంటకే ఫ్యాను కింద ఆరబెట్టాను. తప్పు అక్కడే జరిగిందేమో, తడి నిలవకపోతే ఎంజైమ్ పనిచేయదు. ఎండ కాస్తే వాసనే లేదు, ముసురు పట్టిందంటే గుప్పుమంటోంది. మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు అడుగునే ఉండిపోయి, తేమ తగలగానే వాసన వదులుతున్నట్టున్నాయి. ఉన్ని పాడవుతుందని బ్లీచింగ్ జోలికి పోలేదు. ఈసారి అడుగువైపు నుంచి ఎంజైమ్‌తో తడిపి, పాలిథిన్ కప్పి 24 గంటలు ఉంచితే, తడికి జనపనార గోధుమరంగు ఉన్ని పైకెక్కకుండా వాసన పోతుందా?