గూడ్స్ డ్యూటీలో తిండి, వ్యాయామం: కాల్ ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు ఎలా కుదుర్చుకోవాలి?

బాక్స్‌మోత

కాజీపేట నా హెడ్‌క్వార్టర్ (డ్యూటీకి సొంత స్టేషన్), గూడ్స్ రైళ్లలో ఏఎల్‌పీని, అంటే అసిస్టెంట్ లోకో పైలట్‌ని. వయసు 31, ఎత్తు 170 సెం.మీ., బరువు 84 కిలోలు. మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. మందులు ఇప్పుడే వద్దు, ముందు బరువు దించమన్నారు డాక్టర్. ముందుముందు పీఎంఈ, అంటే రైల్వేలో కొన్నేళ్లకోసారి చేసే వైద్య పరీక్ష, ఎలాగూ ఉంది.

బల్లార్షా, డోర్నకల్, విజయవాడ, బండి ఎటు పడితే అటు. డ్యూటీకి రమ్మనే కాల్ తెల్లవారుజామున మూడింటికైనా రావచ్చు, రాత్రి పదకొండింటికైనా రావచ్చు. ఎక్కాక లూప్‌లో, అంటే వేరే బండ్లకు దారిచ్చే పక్క లైన్‌లో, ఎంతసేపు నిలబెడతారో చెప్పేవాడు లేడు. నెట్‌లో దొరికే డైట్ చార్టులన్నీ పొద్దున ఏడింటికి ఇది, రాత్రి ఎనిమిదింటికి అది అంటాయి. అవి మనకు పనికిరావు.

నాకు తెలియాల్సినవి మూడు. ఒకటి, డ్యూటీకి మోసుకెళ్లే బాక్స్‌లో తినడానికి ఏం పెట్టుకుంటే పాడవకుండా ఉంటుంది? రెండు, రన్నింగ్ రూమ్‌లో (బయటి స్టేషన్‌లో మేం రెస్ట్ తీసుకునే గదుల్లో) జిమ్ లేకుండా ఏం చేయొచ్చు, ఎప్పుడు చేయాలి? మూడు, రాత్రి డ్యూటీలో టీ, ఆకలి సంగతి ఏం చేయాలి?

---

గుంతకల్_సీనియర్

తమ్ముడూ, ముందు గడియారం సంగతి మరిచిపో. మన రోజులో కచ్చితంగా జరిగేవి నాలుగే: కాల్ రావడం, సైన్ ఆన్ (డ్యూటీ ఎక్కడం), సైన్ ఆఫ్ (డ్యూటీ దిగడం), నిద్ర లేవడం. తిండి, వ్యాయామం, నీళ్లు, అన్నీ వీటికే ముడేసుకో. "కాల్ రాగానే ఇది, లేవగానే అది" అనుకుంటే ఏ టైముకు బండి పడినా లెక్క తప్పదు. కాల్‌కి, సైన్ ఆన్‌కి మధ్య రెండు గంటలు దొరుకుతాయి కదా, అసలు భోజనం అక్కడే ఇంట్లో అయిపోవాలి. ఆ పూట మానేసి "ఇంజన్‌లో తింటాలే" అనుకున్న రోజే స్టేషన్ బయట పూరీ, మిర్చిబజ్జీ దగ్గర తేలతాం.

ఇక బాక్స్. ఏది ముందు పాడవుతుందో అది ముందు తినేలా మూడు వరుసలు సర్దుకో.

మొదటి నాలుగు గంటల్లో అయిపోవాల్సినవి: అన్నం, కూర. ఉడికించిన గుడ్లు ఇంకా ముందు, రెండు గంటల్లోపే. పెంకు తీయకుండా పెట్టుకో. ఎక్కువమంది పొరపాటు అన్నం సర్దడంలోనే. పొగలు కక్కే అన్నం మామూలు స్టీల్ క్యారియర్‌లో కుక్కి మూత బిగిస్తే లోపల ఆవిరి నీరవుతుంది, అన్నం గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. బాసిలస్ సెరియస్ అనే బ్యాక్టీరియాకు సరిగ్గా అదే కావాలి. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు, అందుకే "వేడి చేసుకుని తిన్నా కూడా వాంతులయ్యాయి" అంటారు. దారులు రెండే. వెడల్పాటి పళ్లెంలో పరిచి, ఫ్యాన్ కింద పదిహేను ఇరవై నిమిషాలు ఆరనిచ్చి సర్దడం. లేదా మంచి వాక్యూమ్ ఫ్లాస్క్‌లో మరిగే నీళ్లు ఐదు నిమిషాలు పోసి ఉంచి, పారబోసి, పొగలతోనే అన్నం నింపడం. సగం వేడి ఆపే ప్లాస్టిక్ హాట్ బాక్స్ రెండిటికీ చెడ్డది. పప్పు, అన్నం కలిపి పెట్టకు. కొబ్బరి పచ్చడి, ఆలుగడ్డ కూర అసలు వద్దు. దొండకాయ, బెండకాయ, కాకరకాయ, నీరు లేని వేపుళ్లయితే కాస్త నిలుస్తాయి.

నాలుగు నుంచి పన్నెండు గంటల దాకా: చింతపండు పులిహోర, జొన్నరొట్టె, చపాతీ, వాటిలోకి కందిపొడి లేదా నువ్వులపొడి. పులిహోర నిలవడానికి కారణం పులుపు, కాబట్టి నిమ్మకాయ నాలుగు చుక్కలు పిండి సరిపెట్టకు, చింతపండు గుజ్జు గట్టిగా పడాలి, ఉల్లిపాయ పడకూడదు. పెరుగన్నం కలిపి తీసుకెళ్తే పులుస్తుంది. దాని బదులు గిన్నెడు అన్నం మెత్తగా మెదిపి, ముప్పావు గిన్నె కాచిన గోరువెచ్చని పాలు, ఒక చెంచా పెరుగు కలుపు. నువ్వు తినే వేళకి తోడుకుంటుంది. ఎండాకాలం ఐదారు గంటలే పడుతుంది, దాన్ని బట్టి వరుస మార్చుకో.

మూడోది పొడి సరుకు, ఇది బాక్స్‌లో ఎప్పుడూ ఉండేలా చూసుకో: పుట్నాలు 100 గ్రాములు, పల్లీలు 50 గ్రాములు, రెండు జామకాయలు లేదా ఆపిల్స్, ఒక చిన్న డబ్బాలో పుట్నాల పొడి. నాలుగు చెంచాల పొడి, గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, సగం నిమ్మకాయ కలిపితే ఒక పూట ఆకలి ఆగుతుంది. బీహార్ నుంచి వచ్చినవాళ్లు తాగే సత్తు ఇదే. లూప్‌లో ఆరు గంటలు పడేసిన రోజు నిన్ను కాపాడేది ఈ డబ్బానే.

---

డైటీషియన్_హన్మకొండ

పై సమాధానంలో నిల్వ గురించి చెప్పినదంతా సరైనదే. ఒక్క సవరణ. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్ అంటారు, మీరు అందులో ఉన్నారు. కాబట్టి పులిహోర పాడవదు కదా అని డబ్బా నిండా పెట్టుకోకండి. వండిన అన్నం ఒక కప్పులో, అంటే 150 గ్రాముల్లో, సుమారు 40 నుంచి 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. పూటకి కప్పు, మహా అయితే కప్పున్నర. మిగతా కడుపు కూర, పప్పు, కీరా, క్యారెట్‌తో నిండాలి. ముందు కూరగాయలు, పప్పు తిని, అన్నం చివర్లో తింటే షుగర్ ఒక్కసారిగా పెరగదు.

రోజు మొత్తానికి కొలత కావాలంటే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కిలోకాలరీల పళ్లెం ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, కూరగాయలు 400, పండ్లు 100, గింజలు 35, నూనె 27, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ధాన్యాలు, పప్పులు వండకముందు బరువు. మన బాక్సుల్లో ఎప్పుడూ తక్కువపడేది కూరగాయలే. మీ బరువుకి ప్రొటీన్ 70 నుంచి 80 గ్రాములు పెట్టుకోండి. పుట్నాలు 100 గ్రాముల్లో 20 దాకా, రెండు గుడ్లలో 12, పాలు పెరుగులో 10 వస్తాయి, మిగతాది పప్పు, రొట్టె, అన్నం పూరిస్తాయి. పుట్నాలు, పల్లీలు రెండూ మొత్తం ఖాళీ చేసిన రోజు అన్నం ఒక పూట తగ్గించాలి, అవి రెండూ కలిపి 600 కాలరీలు దాటతాయి.

రాత్రి సంగతి. అర్ధరాత్రి నుంచి ఐదు దాకా ఒంట్లో ఇన్సులిన్ పగటిలా పనిచేయదు. అదే అన్నం పగలు తింటే ఒకలా, రెండింటికి తింటే ఒకలా షుగర్ పెరుగుతుంది, పైగా నిద్ర ముంచుకొస్తుంది. సైన్ ఆన్‌కి ముందే భోజనం చేసి, ఆ మధ్యలో గుప్పెడు పుట్నాలో, పలచని మజ్జిగో, ఒక జామకాయో చాలు.

టీ మానమని చెప్పను, పంచదార లెక్క మాత్రం చూడండి. గ్లాసుకి రెండు చెంచాలంటే 10 గ్రాములు. డ్యూటీలో ఆరు తాగితే 60, ఇది రోజుకి ఉండాల్సిన గరిష్ఠ హద్దు 50ని దాటేసింది. చక్కెర లేకుండా ఫ్లాస్క్‌లో తీసుకెళ్లండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి, పడుకునే ఆరు గంటల ముందు చివరి టీ.

నీళ్ల గురించి ఎవరూ అడగరు, అందుకే చెబుతున్నాను. ఇంజన్‌లో టాయిలెట్ లేదని తాగడం మానేస్తే ఎండాకాలం కిడ్నీలో రాళ్లు, మూత్రంలో మంట వచ్చే ముప్పు పెరుగుతుంది. ఆడవాళ్లకి ఇన్ఫెక్షన్ కూడా. కాల్ వచ్చాక అర లీటరు కొద్దికొద్దిగా తాగి, లాబీలో (సైన్ ఆన్ చేసే ఆఫీసులో) టాయిలెట్‌కి వెళ్లి ఎక్కండి. తర్వాత గుక్కలు గుక్కలుగా గంటకి ఒక చిన్న గ్లాసు, ఎండల్లో ఇంకో గ్లాసు. ఒకేసారి గడగడా తాగితేనే మూత్రం తొందరపెడుతుంది. సైన్ ఆఫ్‌లో మూత్రం ముదురు పసుపు ఉంటే తక్కువ తాగినట్టే. ఊరగాయ నంజుకోవడం తగ్గించండి, ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటకూడదు.

---

రాత్రిబండి

ఇంత వంట గొడవ ఎందుకండీ, 16:8 ఫాస్టింగ్ చేసేయండి. ఎనిమిది గంటల్లో రెండు పూటలు తిని మిగతాది నీళ్లు. బాక్సే అక్కర్లేదు.

---

డైటీషియన్_హన్మకొండ

@రాత్రిబండి గారూ, ఇంటి దగ్గర రెస్ట్‌లో ఉన్నప్పుడు మందులు లేనివాళ్లు చేసుకోవచ్చు, తప్పులేదు. డ్యూటీలో మాత్రం వద్దు. కాల్ మారినప్పుడల్లా ఆ ఎనిమిది గంటలు కూడా జరిగిపోతాయి, చివరికి సైన్ ఆఫ్ తర్వాత ఆకలి మీద రెండు పూటల తిండి ఒకేసారి తిని పడుకుంటారు. ఇంకో పెద్ద విషయం, గ్లిమిపెరైడ్ లాంటి షుగర్ మాత్రలో, ఇన్సులినో వాడేవాళ్లు పూట తప్పిస్తే షుగర్ పడిపోతుంది. చెమటలు, చేతుల వణుకు, కళ్లు మసకబారడం, అదీ సిగ్నల్ చూడాల్సిన వేళ. వాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఫాస్టింగ్ జోలికి పోకూడదు, జేబులో గ్లూకోజ్ పొడి ఉండాలి.

---

ఫిజియో_విజయవాడ

వ్యాయామం నేను చెబుతాను. వారానికి 150 నిమిషాలు వేగంగా నడక, రెండు రోజులు కండరాల పని, ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే కనీసం. ఒక్కసారికి కనీసం పది నిమిషాలైనా ఉండాలన్న పాత షరతు 2020లో తీసేశారు, ముక్కలుగా చేసినా లెక్కలోకొస్తుంది. మీకు కావాల్సింది అదే.

ఎప్పుడు? సైన్ ఆఫ్ కాగానే కాదు. గంటల తరబడి కూర్చుని, ఇంజన్ అదురుకి నడుము సాగిపోయి ఉంటుంది. అప్పుడు ముందుకు వంగి బరువెత్తితే వెన్నులో డిస్క్ పట్టేయొచ్చు. ముందు నిద్ర. బయటి స్టేషన్‌లో ఎనిమిది గంటల రెస్ట్ దొరికితే ఐదారు గంటలు పడుకుని, లేచాక ఇరవై నిమిషాలు:

- రెండు నిమిషాలు నిలబడినచోటే అడుగులు, చేతులు భుజాలు తిప్పడం
- బస్కీలు 12
- దండీలు 8, రాకపోతే మంచం అంచు మీద చేతులు పెట్టి
- డ్యూటీకి తెచ్చుకునే లైన్ బ్యాగ్‌ని వంగి ఒక చేత్తో పక్కటెముకల దాకా లాగడం, చేతికి 10, బరువు 8 కిలోల దాకా
- వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం 15
- మోచేతుల మీద ప్లాంక్ (బోర్లా, ఒళ్లు తిన్నగా పైకెత్తి ఆపడం) 30 సెకన్లు

వార్మప్ తప్ప మిగతావి మూడు చుట్లు, చుట్టు మధ్య ఒక నిమిషం ఆగండి. 12 తేలికైతే 14, అలా 20 దాకా. ఆ తర్వాత సంఖ్య పెంచొద్దు, కిందికి దిగేటప్పుడు మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా దిగండి. బస్కీల్లో మోకాలు నొప్పి వస్తోందంటే మడమ లేస్తోందేమో చూసుకోండి, స్టూలు వెనక పెట్టుకుని దాని మీద కూర్చుని లేవండి. బ్యాగ్ లాగేటప్పుడు రెండో చెయ్యి మంచం మీద ఆనించాలి, వీపు గూనిగా వంగకూడదు.

వ్యాయామానికి వాడే ఒక మీటరు రబ్బరు బ్యాండ్ బాక్స్‌లో పడుతుంది, కొనుక్కోవచ్చు. క్యాబ్ వేడికి, ఎండకి రబ్బరు పగుళ్లు పడుతుంది, అది తెగి మొహానికే తగులుతుంది. లాగే ముందు ఒకసారి సాగదీసి చూసుకోండి.

హెడ్‌క్వార్టర్‌లో 16 గంటల రెస్ట్ వచ్చినప్పుడు నలభై నిమిషాల నడక, కాలనీలోనో ప్లాట్‌ఫారం మీదో. యార్డులో, పట్టాల పక్కన నడక వద్దే వద్దు. ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు వరండాలో తిరిగినా షుగర్‌కి మంచిదే, ఎందుకంటే పనిలో ఉన్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. నడిచే బండిలో మాత్రం ఏ వ్యాయామమూ వద్దు. ఐదు గంటల కన్నా తక్కువ నిద్రపోయిన రోజు నడక చాలు, మిగతాది వదిలేయండి.

---

బాక్స్‌మోత

అందరికీ థాంక్స్. ఇంకొక్కటి. బల్లార్షాలో రాత్రి రెండింటికి సైన్ ఆఫ్ అయితే తిని పడుకోవాలా, ఖాళీ కడుపుతోనా? బరువు ఎప్పుడు చూసుకోవాలి?

---

డైటీషియన్_హన్మకొండ

ఖాళీ కడుపుతో పడుకుంటే మధ్యలో మెలకువ వస్తుంది, నిండా తింటే గుండెల్లో మంట. ఒక గ్లాసు చక్కెర లేని పాలు లేదా పలచటి రాగిజావ తాగి పడుకోండి. భోజనం లేచాక, వ్యాయామం అయ్యాక. సరుకులిస్తే వండిపెట్టే రన్నింగ్ రూమ్ అయితే పావు కిలో కూరగాయలు, గుప్పెడు కందిపప్పు ఇచ్చి, నూనె రెండు చెంచాలు దాటొద్దని చెప్పి పడుకోండి.

బరువు రోజూ చూడొద్దు, నిద్ర, నీళ్లు, ఉప్పుని బట్టి కిలో కిలోన్నర అటూ ఇటూ ఊగుతుంది. హెడ్‌క్వార్టర్ రెస్ట్‌లో నిద్ర లేచి, టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, వారానికి ఒకసారి. నెలకి రెండు కిలోలు తగ్గితే చాలు. బొడ్డు దగ్గర నడుము కొలత కూడా రాసుకోండి, 90 సెంటీమీటర్ల లోపలికి రావాలి. హెచ్‌బీఏ1సీ మూడు నెలలకి ముందు మళ్లీ చేయించకండి. ఎర్ర రక్తకణం 120 రోజులు బతుకుతుంది, ఆలోపు పాత కణాల లెక్క కూడా కలిసి వస్తుంది.

---

గుంతకల్_సీనియర్

వంటవాడికి సరుకులిచ్చేటప్పుడు ఆ రెండు చెంచాల నూనె కూడా నీ సీసాలోంచే కొలిచి ఇవ్వు తమ్ముడూ. నోటితో చెబితే గరిటెడు పడుతుంది.